నేనే వేసి నేనే మరిచిన పైపు

ఏడో తరగతిలో మా లెక్కల సారు నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, "ఇందులో సున్నా తప్ప ఏమీ లేదురా" అన్నారు. ఆయన మాట మీద గౌరవంతో నేను మళ్ళీ బడి మొహం చూడలేదు. చిత్రమేమిటంటే, ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా నీళ్ళ ఆఫీసువాళ్ళు ఊరి పైపులన్నీ ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి ఆ నెత్తినే నమ్ముకున్నారు. సారు బతికుంటే నాకంటే ముందు ఆఫీసును చూసి జాలిపడేవారు.

మాది వేములపల్లి పక్క. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళలోనూ పైపుల ఫిట్టరుగా పని చేసి ఈమధ్యనే రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ మూడింట్లో ఒక ఊళ్ళో జరిగింది. ఏ ఊరో అడక్కండి. మూడు ఊళ్ళ పక్కనుంచీ హైవే పోతుంది, మూడు ఊళ్ళలోనూ నా భార్య తరఫు చుట్టాలున్నారు. ఎవరి ముందు పరువు పోగొట్టుకోవాలో నేనే ఎంచుకుంటాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చదువుతారని రాస్తున్నాను. మీకు ఇప్పుడు ఫోన్లోనే మ్యాపులున్నాయి. మా కాలంలో పైపు జాడ కాగితంలో ఉండేది కాదు, మనిషిలో ఉండేది. "చాయ్ హోటల్ మెట్టు నుంచి నాలుగు అంగలు, కరెంటు స్తంభానికి ఎడమ పక్క" అని మా మేస్త్రి నాకు చెప్పాడు. తర్వాత మేస్త్రి పోయాడు. హోటల్ పోయి సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. స్తంభాన్ని రోడ్డువాళ్ళు అవతలికి జరిపారు. అయినా నాకు తెలుసు. రోజూ వాల్వు తిప్పే చెయ్యి నిద్రలో కూడా అటే పోతుంది.

మేస్త్రి నాకు ఇచ్చిపోయిన ఆస్తి ఒక నిలువెత్తు ఇనుప రాడ్. ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే కింద నీళ్ళు పారే చప్పుడు వినిపిస్తుంది. డాక్టరు మెడలో ఉండేదానికి మా రాడ్ పెద్దన్న అని నేను అందరికీ చెప్పేవాణ్ణి. డాక్టర్లు ఎవరూ ఒప్పుకోలేదు.

నా రిటైర్మెంటుకు కొద్ది నెలలుందనగా, మా ఊరి చౌరస్తా దగ్గర హైవే మీద ఫ్లైఓవర్ పని మొదలైంది. ఫ్లైఓవర్ అంటే ఆకాశంలో చేసే పని అనుకుంటారు. నిజానికి సగం గోల భూమిలోనే. వంతెన ఎక్కే చోట రెండు పక్కలా గోడలు లేపి, మధ్యలో మట్టి పోసి, రోలరుతో తొక్కించి, ఏనుగు వీపులా ఎత్తు చేస్తారు. ఆ మట్టి కింద నీళ్ళ పైపు ఉండిపోయిందా, ఇక దాని మీద ఆశ వదులుకోవడమే. రేపు పగిలినా తవ్వేవాడుండడు. అందుకని మట్టి పడకముందే పైపులన్నిటినీ గోడల బయటికి మార్చాలి.

ఆ పని చూడడానికి మా ఆఫీసుకు ఒక ఇంజనీరమ్మ వచ్చింది. వయసులో మా చిన్నమ్మాయి కంటే చిన్నది. కోదాడలోనే చదువుకున్న కోదాడ పిల్ల. (ఊరు కోదాడ కాదని ఇప్పుడు మీకు తెలిసిపోయింది. పోనీయండి.) మొదటి రోజే ఒక పెద్ద డ్రాయింగు నా ముందు పరిచింది.

"మేస్త్రి గారూ, దీన్నిబట్టి మెయిన్ లైన్ రోడ్డుకి కుడి పక్కన ఉందండీ" అంది.

"మేడం, గా కాగితంల కుడి పక్కనే ఉంటది. భూమిల మాత్రం ఎడమ పక్క ఉన్నది. గది గీసినాయన ఆఫీసుల కూసొని గీసిండు. నేను గుంతల కూసొని ఏసిన."

ఆమె నవ్వి డ్రాయింగు మడిచింది. "సరే, అయితే మీరే నా డ్రాయింగు. పదండి."

అలా మొదలైంది మా ఊరేగింపు. ముందు నేను, వెనక ఆమె, ఆమె వెనక సున్నం బకెట్టుతో ఒక మనిషి. నేను కాలితో గీత చూపిస్తే అతను సున్నం పోసేవాడు. అక్కడ గుంత తీస్తే పైపు బయటపడేది. మొదటి రోజు అన్నీ సరిగ్గా వచ్చాయి. రెండో రోజూ అంతే. వంతెన కట్టే కంపెనీ సూపర్‌వైజర్, పెద్ద టోపీ, చిన్న ఓపిక గల మనిషి, మూడో రోజుకల్లా నన్ను "కాకా" అనడం మొదలుపెట్టాడు. చాయ్ కూడా నాకే ముందు ఇప్పించేవాడు.

పొగడ్త అంటే నాకు బెల్లం. ఒక రోజు చాయ్ తాగుతూ ప్యాంటు పైకి లాగి, పిక్క మీద ఉన్న పాత మచ్చ మేడంకు చూపించాను. మిర్యాలగూడలో పెద్ద మెయిన్ పగిలి రైసు మిల్లులోకి నీళ్ళు పోతుంటే, నేనొక్కణ్ణే నడుము లోతు నీళ్ళలో దిగి వాల్వు కట్టానని, అప్పుడు తగిలిన దెబ్బ అని చెప్పాను. ఆ కథ నేను చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నీళ్ళు ఒక జానెడు పెరిగేవి.

చివరి రోజు హైవేకు అవతల ఉన్న పేట దాకా వచ్చాం. కూలి పనులు చేసుకునే కుటుంబాలు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, ఒక చిన్న చర్చి. వంతెన మట్టి కట్ట సరిగ్గా ఆ పేటకు ఎదురుగా లేస్తుంది.

"ఇక్కడ రోడ్డు దాటి వెళ్ళే లైన్ ఏమైనా ఉందా అండీ?" అని మేడం అడిగింది.

"గీడనా? గీడ వానపాము కూడ రోడ్డు దాటదు మేడం. పేటోళ్ళకు అటు దిక్కే సొంత ట్యాంకు ఉన్నది."

ఆమె కాగితంలో "లైను లేదు" అని రాసింది. కింద నేను సంతకం పెట్టాను. పేరు చివర ఒక గీత కూడా ఎక్కువ లాగాను.

మేము వెనక్కి తిరుగుతుంటే పేట నుంచి ఒక పెద్దామె రోడ్డు దాటి వచ్చింది. నాకంటే ఓ పదేళ్ళు పెద్దది. పత్తి ఏరే కూలీలకు ముఠా పెద్దగా పని చేసిందట ఒకప్పుడు, గొంతులో ఆ పెత్తనం ఇంకా ఉంది.

"తమ్మీ, ఊరంత తిరిగి సున్నం గీతలు పెడుతున్నరు. మా నల్లా మీద పెట్టరా?"

"అక్కా, నీ నల్లా నీ ఇంటి ముంగట ఉన్నది కదా. దానికి సున్నమెందుకు, పసుపు కుంకుమ పెట్టుకో."

సున్నం మనిషి పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. రెండు రోజులకు మళ్ళీ వచ్చింది. అప్పుడూ ఏదో జోకు వేసి పంపేశాను. ఏం జోకు వేశానో కూడా ఇప్పుడు గుర్తు లేదు. మంచి జోకయితే గుర్తుండేది.

కొత్త మెయిన్ గోడ బయట వేయడం అయిపోయింది. పాతదాన్ని మూసేసి కొత్తదానికి నీళ్ళు మళ్ళించే రోజు వచ్చింది. పొద్దున్న పది గంటలకు పాత లైను బంద్. ఆ వెంటనే కట్ట మీద మట్టి పోయాలి. టిప్పర్లు వరసగా నిలబడ్డాయి. నేను చౌరస్తా దగ్గర వాల్వు చూసుకుంటున్నాను. తొమ్మిది దాటిందో లేదో మేడం ఫోను.

"మేస్త్రి గారూ, పేట ఎదురుగా ఒక పెద్దావిడ వచ్చి మట్టి పోసే చోట కూర్చున్నారండీ. లేవమంటే లేవట్లేదు. మీరొచ్చి నవ్వించి లేపండి, ప్లీజ్."

వెళ్ళి చూస్తే అదే అక్క. ఖాళీ బిందె బోర్లేసి దాని మీద రాణిలా కూర్చుంది. ఎదురుగా టిప్పరు ఇంజను ఆపకుండా గుర్రుమంటోంది. సూపర్‌వైజర్ టోపీ తీసి విసురుకుంటున్నాడు. "కాకా, జర సూడు. నాకు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లొస్తున్నయ్. మొత్తం పరేషాన్ అయితున్న."

నేను నా సరుకు బయటికి తీశాను. "ఏందక్కా, గీడ కూసున్నవ్? వంతెనకు నిన్నే పిల్లరు కింద పెడతరట, ఒప్పుకున్నవా?"

"నువ్వు లేదన్న పైపు మీద కూసున్న తమ్మీ. లేనిదాని మీద కూసుంటే నీకేం నొప్పి?"

"మీకు ట్యాంకు ఉన్నది కదా?"

"ట్యాంకు నీళ్ళు కింది వాడకే వస్తయ్. మా మెరక మీదికి ఎక్కుతయా? పైన ఇరవై ఇండ్లు గీ పైపు మీదనే బతుకుతున్నయ్. మీరు గిది మూసి మీద మట్టి పోస్తే మేమెక్కడ ముంచుకోవాలె?"

"గా పైపు ఎవరేసిండ్రు, ఎప్పుడేసిండ్రు? నా లెక్కల లేదే."

అక్క నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నువ్వే ఏసినవ్ కద తమ్మీ. నేను తవ్విన."

చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగారు. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక.

"ఎండకాలం. గీ రోడ్డు గింత పెద్దగ లేకుండె. మా బోరింగు ఎండింది. మీ పెద్ద సారు జీపుల వచ్చి, ముందుగాల పైపు ఏసెయ్యుండ్రి, ఎన్కకు రాసుకుందమన్నడు. ఇంటికొకలం తవ్వినం. నా పార నీ పిక్కకు తాకింది. నువ్వు అమ్మా అయ్యా అని మొత్తుకుంటే నా కొంగు చింపి కట్టిన. యాది లేదా? ప్యాంటు లేపు, ఉంటది మచ్చ."

మేడం నా కాలు వైపు చూసింది. "మిర్యాలగూడ అన్నారు కదండీ?" అని చాలా మర్యాదగా అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎండ, ఎర్రమట్టి, నెత్తి మీద గుడ్డ చుట్టుకుని ఆడవాళ్ళు వరసగా తవ్వడం, మా మేస్త్రి పైపు జాయింటు బిగిస్తూ పాట పాడడం. రెండు రోజుల్లో వేశాం. సారు రాస్తానన్నాడు, బదిలీ అయిపోయాడు. కొన్నాళ్ళకు నన్ను మిర్యాలగూడ వేశారు. తిరిగి వచ్చేసరికి పేటలో కొత్త ట్యాంకు కనిపించింది, ఇక అందరికీ అదేననుకున్నాను. ఆ పైపుకు వాల్వు లేదు. మెయిన్‌కు నేరుగా కలిపాం. కాబట్టి దాన్ని ఎప్పుడూ తిప్పే పని పడలేదు. ఒక్కసారీ లీకు కాలేదు, కాబట్టి తవ్వే పనీ పడలేదు. చేతికి తగలని పైపు నా బుర్రలోంచి మెల్లగా జారిపోయింది.

"మేడం, ఉన్నది" అన్నాను. "నేనే ఏసిన. మరిచిపోయిన."

ఆమె కాగితం తీసి నా సంతకం చూసింది, గడియారం చూసింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఎక్కడుందో చూపించగలరా? చోటు తెలిస్తే ఏదో ఒకటి చేద్దాం. తెలియకుండా ఈ కట్టంతా తవ్వించలేను."

రోడ్డు అప్పటి కంటే మూడింతలైంది. అక్క గుర్తున్న చోట కూర్చుంది కానీ ఆమె గుర్తు వేపచెట్టు, ఆ చెట్టు ఇప్పుడు లేదు. మిగిలిన దారి ఒక్కటే, రాడ్. అదీ పదింటి లోపలే. నీళ్ళు ఆగిపోతే వినడానికి ఏమీ ఉండదు.

"అక్కా, మీవోళ్ళకు ఫోన్ కొట్టు. పైన ఇరవై ఇండ్లల్ల నల్లాలు పూర్తిగ ఇప్పమను. నీళ్ళు గట్టిగ పారాలె."

అక్క బొడ్లో దోపుకున్న ఫోను తీసి కోడలికి ఆర్డరు వేసింది. నేను ఆఫీసు జీపులోంచి రాడ్ తెచ్చి నేలకు ఆనించి చెవి పెట్టాను. టిప్పర్ల మోత తప్ప ఏమీ లేదు. మేడం సూపర్‌వైజర్ వైపు తిరిగింది.

"అన్నీ ఆపించండి. పది నిమిషాలు."

"మేడం, పది నిమిషాలంటే..."

"మీ ఇంట్లో నల్లా ఉందా అండీ?" అంది ఆమె. అతను టోపీ పెట్టుకుని టిప్పర్ల వైపు పరిగెత్తాడు. ఒక్కొక్క ఇంజనూ ఆగిపోయింది. సర్వీసు రోడ్డు మీద లారీల చప్పుడు మాత్రం మిగిలింది.

నేను రాడ్ జరిపాను, విన్నాను. మళ్ళీ జరిపాను. ఏమీ లేదు. నుదుటి మీద చెమట రాడ్ మీదికి కారింది. ఇక్కడ మీకో నిజం చెప్పాలి. అప్పటికి రెండేళ్ళుగా సన్న చప్పుళ్ళు నాకు ఏ చెవికీ సరిగా వినిపించడం లేదు. ఆ సంగతి నా భార్యకు తెలుసు, ఆఫీసుకు తెలియదు. రాడ్ పట్టుకుని వింటున్నట్టు తలూపి, అనుభవంతో చోటు చెప్పి నెట్టుకొస్తున్నాను. ఇక్కడ ఊపడానికి తలుంది కానీ, చెప్పడానికి అనుభవం పని చేయలేదు.

"మేడం, మీరు ఇనుండ్రి" అన్నాను.

"నేనా? నాకు రాదండీ."

"నాకు ఇనపడతలేదు. రెండేండ్ల సంది."

ఆమె హెల్మెట్టు తీసి అక్క చేతికిచ్చి, ఎర్రమట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించింది. నేను రాడ్ పట్టుకుని ఒక్కో అడుగూ జరుపుతుంటే ఆమె నాతోపాటు మోకాళ్ళతో జరిగింది. గోడ వైపు నుంచి ఏడెనిమిది అడుగులు వచ్చాక చెయ్యెత్తింది.

"ఉందండీ. చిన్నపిల్లలు ముక్కు దిబ్బడేసి నిద్రపోతే వస్తుంది చూడండి, అలా."

మా మేస్త్రి ఉంటే అక్కడే ఆమెకు రాడ్ ఇచ్చేసేవాడు. పారలతో తవ్వారు. మొదటి గుంతలో రాలేదు. అక్క బిందె మీద నుంచి లేచి, "ఇటు, ఇటు" అని కసిరింది. రెండో గుంతలో నడుము లోతున పైపు తగిలింది. ఎక్కడా తడి లేదు. జాయింటు దగ్గర మా మేస్త్రి చుట్టిన జనుము పీచు అలాగే గట్టిగా ఉంది.

నాకు సంతోషం వేసింది, సిగ్గూ వేసింది. ఏది ముందో ఇప్పటికీ తెలియదు.

అయితే అసలు చిక్కు ఇంకా ఉంది. కాగితంలో లేని పైపును మార్చడానికి ఆర్డరు ఉండదు. లేదని రాసి ఉంది, కింద నా సంతకం ఉంది. మేడం నన్ను పక్కకు పిలిచింది.

"మేస్త్రి గారూ, ఇది ఉన్నట్టు రాయాలంటే, లేదని తప్పు చెప్పింది ఎవరో కూడా రాయాలి. మీకు రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. మెమో వస్తుంది. ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి నేనేమైనా చదువుకున్నవాణ్ణా? అటు చూస్తే అక్క హెల్మెట్టు పట్టుకుని నిలబడి ఉంది. "రాయుండ్రి మేడం. ఏసింది నేనే, మరిచింది నేనే, లేదని జోకులేసింది నేనే. జోకుల సంగతి కూడ రాయుండ్రి."

జోకుల సంగతి రాయలేదు. మిగిలిందంతా రాసింది. నేను సంతకం పెట్టాను. ఈసారి గీత లాగలేదు.

మేడం పెద్ద ఆఫీసుకు ఫోను చేసింది, సూపర్‌వైజర్ తన పైవాళ్ళకు చేశాడు. మట్టి పని అవతలి కొస నుంచి మొదలుపెట్టి, ఈ చోటు సాయంత్రం దాకా వదిలేలా ఒప్పించారు. కట్ట అడుగున అడ్డంగా ఒక లావు ఇనుప గొట్టం పెట్టి, దాని లోపలి నుంచి కొత్త పైపు తీసుకెళ్ళాం. రేపు ఏమైనా అయినా మట్టి తవ్వకుండా లోపలి పైపు లాగి మార్చుకోవచ్చు. ఒక కొస కొత్త మెయిన్‌కు, రెండో కొస పేట వైపు మిగిలిన మా పాత పైపుకు. కొత్త జాయింటును నేనే బిగించాను. అక్క గుంత ఒడ్డున నిలబడి, "తమ్మీ, పార దూరం పెట్టిన, భయపడకు" అంది. సూపర్‌వైజర్ కూడా నవ్వాడు. పొద్దు వాలుతుండగా కోడలి ఫోను వచ్చింది. మొదట ఎర్రనీళ్ళు, తర్వాత తెల్లనీళ్ళు.

మెమో వచ్చింది. జవాబు నా చేత్తో నేనే రాశాను. తప్పుల్లో కొన్ని పైపువి, ఎక్కువ అక్షరాలవి. మేడం దాని కింద తన మాటగా ఒక్కటే చేర్చింది: ఈ లైను మీద ఆఫీసు రిజిస్టరులో ఒక్క ఫిర్యాదు కూడా లేదు, ఇంత కాలం ఎవరికీ గుర్తు రాకపోవడానికి అదీ ఒక కారణం. ఇప్పటి పెద్దసారు హెచ్చరికతో వదిలేశారు. నేను నా రాడ్ మేడం టేబులు మీద పెట్టి వచ్చాను.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వేసిన రోజే రాయండి. తర్వాత రాద్దామన్న సారు బదిలీ అవుతాడు, విన్న ఫిట్టరు మరిచిపోతాడు. ఎవరైనా రెండోసారి వచ్చి అడిగితే జోకు ఆపి వినండి.

రిటైరయ్యాక ఒక పొద్దున, భుజాల మీద సన్మానపు శాలువా బరువు ఇంకా దిగకముందే, పేటకు వెళ్ళాను. కట్ట మీద ఇంకా రోలర్లు తిరుగుతున్నాయి. మెరక మీద అక్క ఇంటి ముందు నల్లా ధారగా పడుతోంది. చాయ్ ఇచ్చింది. తాగుతూ నాకు కాస్త పొగడ్త కావాలనిపించింది.

"అక్కా, ఇగ నేను ఉద్యోగంల లేను. నల్లా ఇప్పినప్పుడల్ల నన్ను యాది చేసుకుంటవా?"

అక్క బిందె ఎత్తి నడుముకు పెట్టుకుంది.

"నల్లా మంచిగ వచ్చినన్ని దినాలు నువ్వెందుకు యాదికొస్తవ్ తమ్మీ? నువ్వు యాదికొచ్చే రోజు మాకు రావొద్దని మొక్కుకో."